చెరుకు దీవిలో మన ఆడపడుచులు

పొద్దున లేవగానే మనం ముట్టుకునే డబ్బా ఏది? చాయ్‌పత్తా డబ్బా, దాని పక్కన చక్కెర డబ్బా. చెంచాతో రెండుసార్లు వేసి కలుపుతామే గానీ, ఈ తీపి వెనక ఎవరి చేతులు ఉన్నాయని ఎప్పుడైనా ఆలోచిస్తామా? నేనూ అంతగా ఆలోచించినదాన్ని కాదు. చెరుకు మధ్యనే పుట్టి పెరిగాను గనక, చెరుకు కష్టమంటే మా నాన్న కష్టమే అనుకునేదాన్ని. పసిఫిక్ మహాసముద్రంలో ఒక దీవిని చూసి వచ్చాక ఆ లెక్క ఇంకా చాలా దూరం పోయింది. ఆ సంగతులు మీతో చెప్పుకుందామని రాస్తున్నాను.

ఆ దీవి పేరు ఫిజీ. ఒక్క దీవి కాదు, మూడు వందల ముప్పయికి పైగా దీవుల గుంపు. అందులో జనం ఉండేవి నూరుకు కాస్త ఎక్కువ. పెద్దవి రెండు: వీటీ లేవు, వనువా లేవు. క్యాలెండర్లలో, పెళ్ళికూతురి చీరల ప్రకటనల్లో నీలం సముద్రం, తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు కనిపిస్తాయే, అచ్చం ఆ బొమ్మే. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ముచ్చటపడి వెళ్ళే చోటు. పెద్ద కొడప్‌గల్ నుంచి నాలాంటి ఇల్లాలు అక్కడికి ఎలా వెళ్ళిందని మీకు అనుమానం రావచ్చు. మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండులోని ఆక్లాండులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. 2024లో వాళ్ళ దగ్గరకు వెళ్ళి రెండు నెలలున్నాను. ఆక్లాండు నుంచి ఫిజీకి విమానంలో మూడు గంటలే. "అమ్మా, నువ్వు ఎటూ చూడలేదు, ఐదు రోజులు పోయొద్దాం" అని అల్లుడిగారే టిక్కెట్లు తెచ్చారు. మన దేశం పాసుపోర్టు ఉన్నవాళ్ళకు అక్కడ ముందుగా వీసా తీసుకునే పని కూడా లేదు.

విమానం దిగే ఊరి పేరు రాతలో చూస్తే మన తెలుగు 'నాది' లాగే ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం 'నాండి' అంటారు. దిగగానే ఎవరు ఎదురైనా నవ్వుతూ "బూలా" అంటారు, అంటే మన నమస్కారం. "వినాకా" అంటే సంతోషం, ధన్యవాదాలు. ఈ రెండు మాటలు వస్తే చాలు, ఐదు రోజులు హాయిగా గడిచిపోతాయి.

ఊరి పెద్ద బజారు ఒక కొస నుంచి నడుచుకుంటూ పోతే రెండో కొసన గోపురం! నేను నిజంగా నిలబడిపోయాను. రంగురంగుల బొమ్మలతో మధుర, పళని గుళ్ళను తలపించే సుబ్రహ్మణ్యస్వామి కోవెల. 1994లో కొత్తగా కట్టి కుంభాభిషేకం చేశారట. మన దేశం నుంచి శిల్పులు వచ్చి చెక్కారు. పొట్టి బట్టలతో వచ్చిన తెల్లవాళ్ళకు గుడివాళ్ళు చుట్టుకోవడానికి ఒక బట్ట ఇస్తారు. అమ్మవారి గుళ్ళలో ఏటా అగ్నిగుండం తొక్కుతారు. మన జాతరల్లో పసుపుబట్టలు కట్టి గుండం తొక్కినట్టే. అంత దూరాన, నాలుగు దిక్కులా సముద్రం నడుమ, మన పసుపు కుంకుమల వాసన!

చూడవలసినవి చాలా ఉన్నాయి. నాండి రేవు నుంచి పడవ ఎక్కితే మమనూకా, యసావా అనే చిన్న చిన్న దీవులు. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున చేపలు తిరగడం పడవలోంచే కనిపిస్తుంది. సింగటోకా దగ్గర సముద్రం ఒడ్డునే గాలి పోసిన ఇసుక కొండలు. ఆ దేశపు మొట్టమొదటి జాతీయ పార్కు అదేనట, 1989లో ప్రకటించారు. సబేటో అనే చోట వేడినీటి బుగ్గలు, బురదస్నానం ఉన్నాయి. ఒళ్ళంతా బురద పూసుకుని ఎండలో నిలబడిన తెల్లమ్మలను చూసి మా అమ్మాయి, నేను పడి పడి నవ్వాం. తవెయూనీ అనే దీవి మీదుగా 180 డిగ్రీల రేఖ పోతుంది, తేదీలు మారే లెక్క మొదలయ్యేది ఆ రేఖ దగ్గరే. లెవూకా అనే పాత రాజధాని ఊరిని 2013లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇవి రెండూ మేం చూడలేకపోయాం, దూరం.

వంటింటి మాట చెప్పకపోతే మీరు నన్ను ఊరుకోరు. అక్కడి బజారులో కూరగాయలు తూకానికి తక్కువ, కుప్పలకు ఎక్కువ. ఒక కుప్ప ఇంత అని చెబుతారు. కర్రపెండలం, చామదుంప వాళ్ళకు మనకు అన్నం లాంటివి. చామాకును కొబ్బరిపాలలో ఉడికించి 'రోరో' అని చేస్తారు. లేత ఆకు తీసుకుని, ఈనె తీసి, నీళ్ళు పోసి బాగా మెత్తగా ఉడకనిచ్చి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి, చివర చిక్కటి కొబ్బరిపాలు పోసి ఒక పొంగు రానిస్తే అయిపోయింది. ఉడుకు తక్కువైతే గొంతు దురద పెడుతుంది, అది మనకు తెలిసిందే. నేనైతే ఇంటికి వచ్చాక కాస్త చింతపండు రసం కూడా కలిపాను, జొన్నరొట్టెలోకి బ్రహ్మాండంగా ఉంది. చేపను నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలతో 'కోకోండా' చేస్తారు. పొయ్యి మీద పెట్టరు, నిమ్మ పులుపుకే చేప తెల్లబడుతుంది. ఇక ఇంటికి చుట్టం వస్తే 'యంగోనా' అనే వేరును దంచి, నీళ్ళలో పిసికి, వడకట్టి కొబ్బరిచిప్పలో పోసి ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి, బూలా అని, గుక్కలో తాగాలి. నాలుక కాసేపు మొద్దుబారుతుంది.

మూడో రోజు లౌటోకా అనే ఊరికి బస్సులో పోతుంటే దారి పక్కన సన్నని పట్టాల మీద బుల్లి రైలు కనిపించింది. పెట్టెల నిండా చెరుకు గడలు. దూరంగా మిల్లు పొగగొట్టం, గాలిలో ఉడుకుతున్న చెరుకుపాలు వాసన. ఒక్కసారిగా నాకు మా పుట్టిల్లు గుర్తొచ్చింది. నిజాంసాగర్ కాలువ నీళ్ళతో మా నాన్న చెరుకు వేసేవాడు. కోత సమయంలో బోధన్ నిజాం షుగర్స్‌కు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అది వేరే కథ. చెరుకు ఆకు ఎలా కోస్తుందో తోటలో దిగినవాళ్ళకే తెలుస్తుంది. సన్నని రంపంలాగా చేతులు, మెడ గీసేస్తుంది. చెమట తగిలితే మంట. చిన్నప్పుడు అమ్మ కూలీలకు సద్దిమూట తీసుకుపోతూ నన్ను వెంట తీసుకుపోయేది. ఆ ఆడవాళ్ళ మోచేతుల మీద గీతలు నాకు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. అందుకే బస్సులో కూర్చుని ఆలోచించాను: ఇంత దూరపు దీవికి చెరుకు ఎలా వచ్చింది, చెరుకు వెంట మనవాళ్ళు ఎలా వచ్చారు?

తెలుసుకున్నంత వరకు చెబుతాను. పూర్వం ఫిజీలో తెగకొక పెద్ద ఉండేవాడు. తమలో తాము కొట్లాటలు, మధ్యలో వ్యాపారానికి వచ్చిన తెల్లవాళ్ళ ఆగడాలు. చివరకు థాకంబావు అనే ప్రభువు, మరికొందరు పెద్దలు కలిసి 1874 అక్టోబరు 10న దేశాన్ని బ్రిటిషువాళ్ళకు అప్పగించారు. మరుసటి ఏడే పెద్ద విపత్తు వచ్చింది. సిడ్నీ వెళ్ళి వచ్చిన ప్రభువు ఓడలోంచి తట్టు వ్యాధి దీవులకు పాకింది. మనం 'అమ్మవారు' అని వేపాకు కట్టే జాతి జబ్బే. అది ఎరగని ఆ జనంలో సుమారు 40 వేల మంది పోయారు. అప్పుడు వచ్చిన గవర్నరు ఆర్థర్ గోర్డన్ ఒక నిర్ణయం చేశాడు: స్థానికులను తోటపనికి లాగకూడదు, వాళ్ళ భూములు అమ్ముకోనివ్వకూడదు. వాళ్ళకు అది మేలే చేసింది. మరి తోటల్లో పని ఎవరు చేయాలి? మారిషస్, ట్రినిడాడ్‌లలో ముందే చూసిన ఉపాయం ఆయన దగ్గర ఉంది. భారతదేశం నుంచి కూలీలు!

మొదటి ఓడ 'లియోనిడాస్' కలకత్తా నుంచి బయలుదేరి 1879 మే 14న ఫిజీ చేరింది. దారిలోనే కలరా, మశూచి తగులుకున్నాయి. వచ్చినవాళ్ళను మొదట ఊళ్ళోకి రానివ్వకుండా విడిగా ఒక చిన్న దీవిలో ఉంచారు. తరువాత ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పెద్ద చక్కెర కంపెనీ 1882లో నౌసోరిలో మిల్లు పెట్టింది, ఇక కూలీల అవసరం పెరుగుతూనే పోయింది. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. నేను చూసిన లౌటోకా మిల్లు మొదలైంది కూడా ఆ సంవత్సరమే. 1916లో చివరి ఓడ చేరేనాటికి మొత్తం 60 వేల పైచిలుకు జనం చేరారు. అందులో మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళు సుమారు 15 వేలు: తమిళులు, మలయాళీలు, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల మన తెలుగువాళ్ళు. మా ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది గనక ఆ ఓడలు ఎక్కింది ఎక్కువగా కోస్తావాళ్ళే.

వాళ్ళచేత ఒక అగ్రిమెంటు మీద వేలిముద్ర వేయించారు. ఆ 'అగ్రిమెంటు' మాట నోరు తిరక్క 'గిర్మిట్' అయింది. దాని మీద వెళ్ళినవాళ్ళు గిర్మిట్‌వాళ్ళు అయ్యారు. ఐదేళ్ళు పని చేయాలి. ఆ తరువాత సొంత ఖర్చుతో తిరిగిరావచ్చు. పదేళ్ళు ఉంటే సర్కారు ఖర్చుతో పంపుతారు. కాగితం మీద బాగానే ఉంది కదా? ఫిజీ ఎక్కడో చాలామందికి తెలియదు. కలకత్తా పక్కనే అని ఆర్కాటీలు, అంటే ఆనాటి ఏజెంట్లు, చెప్పేవారట. తెరచాప ఓడ అయితే రెండు నెలలకు పైన, పొగ ఓడ అయితే నెలకు పైన నడిసముద్రంలో పోతుంటేగానీ వాళ్ళకు అసలు సంగతి తెలియలేదు.

కాగితం చెప్పినదానికంటే చెప్పనిదే ఎక్కువ. రోజుకు మగవాళ్ళకు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. ఆడవాళ్ళకు 9 పెన్నీలు. అది కూడా ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే. ఇంత బారు కలుపు అంటే అంత బారూ కావాలి. సగంలో పొద్దుగూకితే ఆ రోజు కూలి లేదు. పనికి రాకపోతే కోర్టు, జరిమానా, జైలు. ఉండేది 'లైన్లు' అనే పొడుగాటి రేకుల పాకల్లో. మొదటి రోజుల్లో ఒక్కో గది పది అడుగులు, ఏడు అడుగులు. మన ఇంట్లో సామానుగది అంత! అందులో ఒక సంసారం పిల్లలతో సహా, లేదా ముగ్గురు మగవాళ్ళు. వంట అందులోనే, పడక అందులోనే. గదుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. పక్కవాళ్ళ దగ్గు, ఏడుపు, తిట్టు అంతా ఇవతలికే. ఆ లైన్లకు వాళ్ళు పెట్టుకున్న పేరు నరకం.

ఇక ఆడవాళ్ళ సంగతి. ప్రతి నూరు మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని రూలు. ఆ లెక్క పూరించడానికి ఏజెంట్లు రేవుల్లో, గుళ్ళ దగ్గర, సత్రాల్లో దిక్కులేని వితంతువులను, అలిగి ఇల్లు వదిలినవాళ్ళను వెతికేవారు. లెక్క సరిపోయింది గానీ, లైన్లలో ఆ కొద్దిమంది ఆడవాళ్ళ బతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మీదపడే దొర ఒకడు, వాడి కింద సర్దారు ఒకడు. గొడవలు, హత్యలు, ఉరిపోసుకోవడాలు. ఇన్ని జరిగినా తప్పంతా ఆ ఆడవాళ్ళ నడవడిదేనని రాసి పెట్టిన పెద్దమనుషులూ ఉన్నారు.

అందులో ఒకామె పేరు కుంతి. గోరఖ్‌పూర్ వైపు అమ్మాయి. 1912 ఏప్రిల్‌లో ఆమెను మిగతావాళ్ళకు దూరంగా ఒంటరిగా అరటితోటలో పనికి పెట్టారు. తోట దొర వచ్చి చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని పరుగెత్తి నదిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు కాపాడాడు. ఆమె అక్కడితో ఊరుకోలేదు. తన సంగతంతా చెప్పి రాయించి పంపితే 1913లో కలకత్తాలోని 'భారత్ మిత్ర' పత్రిక అచ్చువేసింది. దేశమంతా కుతకుతలాడింది. చదువులేని ఒక కూలి ఆడమనిషి మాట సర్కారును విచారణకు దింపింది. తరువాత ఆండ్రూస్ దొరగారు 1915లో, 1917లో ఫిజీ వెళ్ళి చూసి వచ్చి ఈ పద్ధతి ఆగాల్సిందేనని రాశారు. మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు గారు 1917 జనవరిలో అలహాబాదు సభలో ఈ ఆడవాళ్ళ గురించి మాట్లాడారు. ఆ ఏడే కొత్త కూలీలను తీసుకుపోవడం ఆగింది. 1920 జనవరి 1న మిగిలిన అగ్రిమెంట్లన్నీ రద్దు చేశారు. ఇది మగవాళ్ళ కోపంతో పాటు ఆడవాళ్ళ గొంతుతో గెలిచిన పోరాటమని నాకు అనిపిస్తుంది.

గిర్మిట్ అయిపోయాక కొందరు వెనక్కి వచ్చారు, ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. భూమి కౌలుకు తీసుకుని చెరుకే వేశారు. 1926లో సాధు కుప్పుస్వామి గారు నాండిలో దక్షిణాదివాళ్ళందరికీ ఒక సంగం పెట్టారు. అది బడులు, గుళ్ళు నడిపింది. తెలుగువాళ్ళు తమ భాష నిలబెట్టుకోవాలని 1941లో వేరుగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు.

ఇవి పుస్తకాల మాటలు. మనిషి మాట నాకు నాండి కూరగాయల బజారులో దొరికింది. చామగడ్డలు అమ్ముతున్న ఒక ముసలామె, డెబ్బై ఏళ్ళు ఉంటాయి, నా మెడలో నల్లపూసలు చూసి పలకరించింది. వాళ్ళ హిందీ మన హిందీ కాదు, భోజ్‌పురీ యాస కలిసిన వేరే మాట. నాకు మాత్రం సగానికి పైనే అర్థమైంది. మాది మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు గదా, మూడు నాలుగు భాషలు చెవిన పడుతూనే ఉంటాయి. ఆమె "హమార్ ఆజీ" అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మా దగ్గర మరాఠీవాళ్ళు నాయనమ్మను ఆజీ అనే పిలుస్తారు.

"మా ఆజీ మద్రాసు ఓడలో వచ్చింది. మీ భాషే మాట్లాడేది" అంది. "నీకు వచ్చా అమ్మా?" అని అడిగాను. నవ్వి తల అడ్డంగా ఊపింది. కాసేపు ఆగి, ఏదో తవ్వి తీసినట్టు, ఒక్కో మాట అంది. "నీళ్ళు... రా... పో... బంగారుతల్లి..." చివరకు నా మొహంలోకి చూసి "బువ్వ తిన్నావా?" అంది.

అంతే. నూరేళ్ళు దాటినా సముద్రం మింగకుండా మిగిలిన మాట అది. నాకు గొంతు పట్టుకుంది. "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అన్నాను. ఆమెకు జవాబు రాలేదు. ఆజీ ఎప్పుడూ అడిగేదే గానీ, జవాబు ఎలా చెప్పాలో ఆ పిల్ల నేర్చుకోలేదు మరి.

కొడుకు ఫోనులో ఒక కాగితం ఫోటో చూపించింది. సువాలోని జాతీయ దస్తావేజుల ఆఫీసులో దొరికిన గిర్మిట్ పాసు నకలు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తు. జిల్లా విశాఖపట్నం అని తెలుస్తోంది. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. "ఆ ఊరు ఎక్కడుందో చెప్పగలవా బేటీ?" అని అడిగింది. వాళ్ళకు రెండో దుఃఖం కూడా ఉంది. ఫిజీకి 1970లో స్వతంత్రం వచ్చింది. 1987లో సైన్యం తిరుగుబాటు చేసింది. అది జరిగింది కూడా మే 14నే, మొదటి ఓడ వచ్చిన తేదీ! 2000లో మళ్ళీ ఒకటి. కౌలుభూముల గడువులు తీరిపోయాయి. భయపడి ఎందరో ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడాలకు పోయారు. 1986లో దేశ జనాభాలో సగానికి దగ్గరగా ఉన్న మనవాళ్ళు 2007 నాటికి నూటికి ముప్పయి ఏడుగురయ్యారు. ఆమె కూతుళ్ళు ఇద్దరూ సిడ్నీలోనే. 2023లో మాత్రం కొంచెం ఊరట. గిర్మిట్ దినాన్ని దేశమంతటా సెలవు చేశారు. నాటి తిరుగుబాటు నడిపిన రబూకా, ప్రధానిగా నిలబడి క్షమించమని అడిగారు.

ఇంటికి వచ్చాక, విజయనగరంలో ఉన్న మా వదినగారి చుట్టాలను ఆ ఊరి గురించి అడిగాను. ఆనాటి విశాఖపట్నం జిల్లాలోనే ఇప్పటి విజయనగరం, అనకాపల్లి అన్నీ కలిసి ఉండేవి గదా. పేరుకు దగ్గరగా మూడు ఊళ్ళు ఉన్నాయని తేలింది. మూడు పేర్లూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఎలా పలకాలో నా గొంతుతో చెప్పి, ఫోనులో పంపాను. ఏది ఆజీ ఊరో ఎవరు చెప్పగలరు? మూడూ ఆమెవే అనుకోమన్నాను.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. మా జిల్లాలో ఒక సామెతలాంటి మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. తెలంగాణ పేదవాడి వలసదారి ఆ మూడే అని. మా వీధిలోనే గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ. నేను వచ్చిన నెలకే పక్కింటి కోడలు, ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఎనిమిదో తరగతి దాకా చదివింది, ఒక కాగితాల కవరు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, మస్కట్ పోతున్న. ఇంటిపనట. నెలకు ముప్పై వేలంటున్నడు ఏజెంటు. ఈ ఇంగ్లీషు జర సదివి చెప్పవా?" అంది.

నేను చదివింది ఇంటరే. అయినా నిదానంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. అగ్రిమెంటు ఎక్కడా లేదు. జీతం మాట లేదు. వీసా కాగితం మీద ఉన్నది చుట్టపుచూపుగా పోయే విజిట్ వీసా. ఆ వీసా మీద పనిచేయడమే నేరం. గడువు దాటితే మనవాళ్ళు అక్కడ అనే మాటలో 'ఖల్లివెల్లి' అయినట్టే. పోలీసులకు దొరికితే జైలు, దొరక్కపోతే యజమాని ఏం చేసినా చెప్పుకునే దిక్కు ఉండదు. పదో తరగతి పాస్ కాని ఆడపిల్లలు గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని మన సర్కారు రూలు పెట్టింది. అది కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఆ రూలు తప్పించడానికే విజిట్ వీసా నాటకం.

పిల్ల మొహం వాడిపోయింది. "మరి అప్పు ఎట్ల తీరాలె పెద్దమ్మా? లక్షన్నర ఉంది. ఆయనకు పని లేకపాయె" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర మంత్రం లేదు. అప్పు నిజం, ఆకలి నిజం. నూట పాతికేళ్ళ కింద ఓడ ఎక్కిన ఆడవాళ్ళకూ అప్పు, ఆకలి నిజమే. మోసం చేసేవాడు ఎప్పుడూ మన నిజాన్ని పట్టుకునే వస్తాడు.

ఆ సాయంత్రం ఆమె అత్తమామలను కూర్చోబెట్టి ఫిజీ కథ చెప్పాను. కుంతి కథ చెప్పాను. అత్త కాసేపు మాట్లాడలేదు. తరువాత "దస్తఖత్ పెట్టెటప్పుడు సదివెటోళ్ళు లేకపాయె పాపం" అంది. కాగితాలు తిరిగి ఇచ్చేశారు. ముందుగా కట్టిన ఇరవై వేలలో పన్నెండు వేలే వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ పిల్ల బాన్సువాడలో ఒక దర్జీ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోంది. మా మహిళా సంఘంలో అప్పు తీసుకుని పాత బాకీ కొంత తీర్చింది. అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. కానీ రాత్రి తన పిల్లల పక్కనే పడుకుంటోంది.

నేను పోవద్దని అనడం లేదు సుమా. నా కూతురే సముద్రం దాటి పోయింది. పోయేవాళ్ళు చదివి పోవాలి, తెలిసి పోవాలి. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరైనా బయలుదేరుతుంటే ఈ నాలుగు పనులు మీరే దగ్గరుండి చేయించండి. ఒకటి, ఏజెంటుకు సర్కారు ఇచ్చిన రిజిస్ట్రేషను ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడాలి. ఇంట్లో కాలేజీ పిల్లలకు చెబితే ఐదు నిమిషాల్లో చూస్తారు. రెండు, వీసా మీద 'వర్క్' అని ఉందా, 'విజిట్' అని ఉందా చదివించాలి. మూడు, జీతం, పనిగంటలు, సెలవు రాసిన అగ్రిమెంటు చేతికి వచ్చాకే డబ్బు మాట. నాలుగు, పాసుపోర్టు, వీసా, అగ్రిమెంటు, ఇన్సూరెన్సు కాగితాల జిరాక్సు ఒక సెట్టు ఇంట్లో బీరువాలో ఉండాలి. పోయిన మనిషికి ఏదైనా అయితే ఇంట్లో ఉన్న ఆడదాని చేతిలో ఉండే బలం ఆ కాగితాలే.

ఇంకొక చిన్న పని కూడా చేయండి. ఒక నోటుబుక్కు తీసుకుని మీ నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, వాళ్ళ పుట్టిన ఊళ్ళు, వాళ్ళ నోట వినే మాటలు తెలుగులో శుభ్రంగా రాసి పెట్టండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక నకలు పంపండి. నేను మా అమ్మాయికి పంపినప్పుడు మొదటి పేజీలో మా ఊరి పేరు రాసి, దాని కింద ఒక ప్రశ్న, దానికి జవాబు రెండూ రాశాను: "బువ్వ తిన్నవా?" "తిన్న అమ్మా, నువ్వు తిన్నవా?"